దూడ పోయిన గేదె ఎందుకు చేపదు? జంతు ప్రవర్తన, సంక్షేమం చదవాలనుంది, దారి చెప్పండి

గోదారి_పిల్ల
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. నేను బీఎస్సీ బీజెడ్‌సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా ఊరు రాజమండ్రికి దగ్గరే. నీట్ రెండుసార్లు రాశాను, వెటర్నరీ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. మూడోసారి రాయమని అమ్మ అంది కానీ నాకే ధైర్యం చాలక డిగ్రీలో చేరిపోయాను.

మాకు నాలుగు గేదెలు. పోయిన శ్రావణంలో గౌరి ఈనింది. తొమ్మిదో రోజున దూడ చనిపోయింది. ఆ మర్నాటి నుంచి గౌరి చేపడం, అంటే పాలు కిందికి వదలడం మానేసింది. పొదుగు బిగిసి ఉంటుంది, చన్ను పట్టుకుంటే నాలుగు చుక్కలు. నాన్న గాట్లో తవుడు పోసి, పొదుగు కడిగి, నడుం నిమురుతూ చాలాసేపు కూర్చుంటే అప్పుడు మెల్లగా చేపేది. అన్నయ్య కూర్చుంటే అదీ లేదు, కాలు ఎత్తేది. ఊళ్లో ఒకాయన సూది వేయించమన్నారు, నాన్న ఒప్పుకోలేదు. పక్కింటి తాతగారైతే, వాళ్ల చిన్నప్పుడు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టేవాళ్లమని చెప్పారు. అది వినగానే నాకు ఏడుపొచ్చింది.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. గౌరికి లోపల ఏమవుతోంది? బాధా, భయమా, అలవాటు తప్పడమా? మా ఫిజియాలజీ పుస్తకంలో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ గురించి ఒక్క పేరా ఉంది. నెట్‌లో వెతికితే జంతు ప్రవర్తన, జంతు సంక్షేమం అని విడిగా యూనివర్సిటీల్లో చదువులే ఉన్నాయని తెలిసింది. నాన్నకి చెప్తే "గేదెల్ని చూడ్డానికి యూనివర్సిటీ ఎందుకమ్మా, ఇక్కడ చూస్తున్నాంగా" అన్నారు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

వెటర్నరీ డిగ్రీ లేకుండా ఇది చదవొచ్చా? మన దేశంలో ఎక్కడ? చదివాక ఉద్యోగం ఉంటుందా?

కడప_వెట్
సోమవారం, రాత్రి 10:25

ముందు గౌరి సంగతి తల్లీ, తర్వాత నీ చదువు.

గేదె పొదుగులో పాలు దాదాపు అంతా పైన గ్రంథుల్లోనే ఉంటాయి. కింద చన్ను దగ్గర నిల్వ ఉండేది చాలా తక్కువ. ఆవు కంటే కూడా తక్కువ. అందుకే గేదె చేపకపోతే ఎంత పిండినా రాదు. దూడ నోరు తగిలినా, వాసన వచ్చినా, అలవాటైన చెయ్యి పడినా మెదడు కింది పిట్యూటరీ నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది, గ్రంథుల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని పాలను కిందికి తోస్తాయి. బెదిరినా, నొప్పి పుట్టినా, కొత్త మనిషి కూర్చున్నా అడ్రినలిన్ వచ్చి ఆ పనిని ఆపేస్తుంది. రైతులు "ఎగచేపింది" అంటారే, అది పొగరు కాదు. దాని చేతిలో లేని పని.

మీ నాన్నగారు సూది వద్దన్నారు చూడు, ఆయనకు నా నమస్కారం చెప్పు. రోజూ ఆక్సిటోసిన్ పొడిస్తే గేదె దానికే అలవాటు పడి సూది లేకుండా చేపడం మానేస్తుంది. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజెక్షన్ వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా.

ఇక చదువు. మా కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర ఏళ్లు. వెల్ఫేర్ పాఠాలు ఉన్నాయి. కానీ ఉద్యోగంలో చేరాక రోజుకు ఎన్నో కేసులు, ఒక్కో పశువు దగ్గర పది నిమిషాలు దొరికితే గొప్ప. జ్వరానికి మందు రాస్తాను, అడ్డం తిరిగిన దూడను తీస్తాను. "ఇది ఇట్లా ఎందుకు నిలబడింది" అని గంటసేపు చూసే తీరిక పద్దెనిమిదేళ్లలో నాకు దొరకలేదు. ఆ పని చేసేవాళ్లు వేరే కావాలి. డాక్టరు కాలేదని నువ్వు బాధపడొద్దు. నీకు పట్టుకున్న ప్రశ్న మా సిలబస్ కంటే పెద్దది.

జువాలజీ_మేడమ్
మంగళవారం, ఉదయం 6:15

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఇరవై ఏళ్ల కిందట మా ప్రాక్టికల్స్ అంటే కప్పను కోయడమే. ఫార్మలిన్ వాసన చేతుల నుంచి రెండు రోజులు పోయేది కాదు. 2014లో యూజీసీ జువాలజీలో ఆ కోతలకు ముగింపు చెప్పింది. మంచిదే. కానీ చాలా కాలేజీల్లో ఆ ఖాళీలో చార్టులు, మోడల్స్ వచ్చి కూర్చున్నాయి. నా దృష్టిలో అక్కడికి రావలసింది బతికున్న జంతువును చూడటం. దానికి ఖర్చు లేదు, లైసెన్సు అక్కర్లేదు, ఒక నోట్‌బుక్కు, గడియారం చాలు.

మీ నాన్నగారి ప్రశ్నకు నా జవాబు ఇది. 1963లో నికో టిన్‌బర్గెన్ అనే శాస్త్రవేత్త, ఏ ప్రవర్తన గురించైనా నాలుగు రకాలుగా "ఎందుకు" అని అడగొచ్చు అన్నాడు. గౌరినే తీసుకో. చేపడానికి ఒంట్లో ఏం జరుగుతోంది? అది ఒకటి, డాక్టరుగారు చెప్పారు. పుట్టిన దగ్గర్నుంచి ఈ అలవాటు ఎలా ఏర్పడింది, మొదటి ఈతకూ మూడో ఈతకూ తేడా ఉందా? రెండోది. దూడ ఉంటేనే పాలు వదలడం వల్ల తల్లికి లాభమేమిటి? మూడోది. గేదెల పూర్వీకుల నుంచి ఇది ఎలా వచ్చింది? నాలుగోది. మీ నాన్నగారు చూస్తున్నారు, నిజమే, నాకంటే బాగా చూస్తున్నారు. యూనివర్సిటీ నేర్పేది ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో విడదీసుకోవడం, చూసిందాన్ని ఇంకొకరు సరిచూడగలిగేలా రాయడం.

నీకో పని చెప్తాను. వారం రోజులు గౌరి పక్కన కూర్చో. ముందు అది చేసే పనుల జాబితా రాయి. దీన్ని ఎథోగ్రామ్ అంటారు. "కోపంగా ఉంది" అని రాయకు. "చెవులు వెనక్కి పెట్టింది, కుడి వెనక కాలు ఎత్తి దించింది, తోక రెండుసార్లు కొట్టింది" అని రాయి. కోపం నీ ఊహ. చెవులు కనిపించేవి. తర్వాత ఒక్క ప్రశ్న తీసుకుని కొలువు. ఫలితం ఇక్కడే పెట్టు.

అడవిబాట
మంగళవారం, మధ్యాహ్నం 1:50

నేనూ బీజెడ్‌సీయే చెల్లీ, నిజామాబాద్ వైపు. ఇప్పుడు కోతుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను.

మన దగ్గర "యానిమల్ వెల్ఫేర్" అన్న పేరుతోనే డిగ్రీ వెతికితే నిరాశ పడతావు. పేరు వేరే ఉంటుంది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్ ఎమ్మెస్సీ, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో వైల్డ్‌లైఫ్ సైన్స్ ఎమ్మెస్సీ ఉన్నాయి. రెండింటికీ ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ, సీట్లు తక్కువ. తమిళనాడులో మయిలాడుతురై దగ్గర ఏవీసీ కాలేజీలో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో యానిమల్ బయాలజీ విభాగం ఉంది, అది ల్యాబ్ వైపు ఎక్కువ. ఇవేవీ కుదరకపోతే పీజీసెట్ రాసి మామూలు జువాలజీ ఎమ్మెస్సీలో చేరినా దారి మూసుకుపోదు. ప్రాజెక్టు దేని మీద చేశావన్నది ముఖ్యం. పరిశోధన వైపైతే బెంగళూరు ఐఐఎస్సీలో రాఘవేంద్ర గడగ్‌కర్ గారు కందిరీగల గూళ్ల మీద దశాబ్దాలుగా చేసిన పని చదువు. కోల్‌కతాలోని సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో అనిందితా భద్ర గారి బృందం వీధికుక్కల మీదే పని చేస్తోంది. వీధికుక్క కూడా యూనివర్సిటీ సబ్జెక్టే అని నమ్మడానికి నాకు ఏడాది పట్టింది.

పని ఎలా ఉంటుందో కూడా విను, తర్వాత మోసపోయాననుకోకూడదు. ఒక గుట్ట మీద గుడి, దాని చుట్టూ కోతుల గుంపు. మన దక్షిణాది కోతికి నడినెత్తిన పాపిడి తీసినట్టు జుట్టు, పొడవాటి తోక. ఉత్తరాది కోతికి తోక పొట్టి, వెనకభాగం ఎర్రగా ఉంటుంది. ఒకప్పుడు గోదావరి అటూ ఇటూ సరిహద్దులా ఉండేది, ఇప్పుడు ఉత్తరాదివి కిందికి దిగుతున్నాయి, మనవి తగ్గుతున్నాయి. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ప్రతి పది నిమిషాలకూ ఒక్కో కోతి ఏం చేస్తోందో కోడ్ రాయాలి. తింటోంది, పేలు చూస్తోంది, కూర్చుంది, కూర్చుంది, కూర్చుంది. ఎక్కువ భాగం "కూర్చుంది"యే. నచ్చినప్పుడే రాస్తే గొడవలూ గంతులే నోట్‌బుక్కులోకి వస్తాయి, నిశ్శబ్దంగా ఉండేవి రావు. 1974లో శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ రాసిన ఒక్క వ్యాసం ఈ క్రమశిక్షణను అందరికీ నేర్పింది. దొరికితే ఇప్పుడే చదివెయ్, నీకు మేడమ్ ఇచ్చిన పనికి కూడా పనికొస్తుంది.

తణుకు_కోళ్లషెడ్డు
మంగళవారం, రాత్రి 8:30

అమ్మాయీ, నీ పోస్టు చదివాను, బాగుంది. కానీ ఒక మాట అనాలనిపించింది, ఏమనుకోకు. ఈ వెల్ఫేర్ అనే మాట మా రైతుల మీదికి కర్రలా వస్తోంది. మా షెడ్డులో కోళ్లు కేజీల్లోనే ఉంటాయి. ఒక్కో కోడికి ఏ4 కాగితం కంటే తక్కువ చోటు, ఒప్పుకుంటాను. గుడ్డు ధర పడిపోయిన నెలలో మేత బాకీ ఎవరు కడతారు? మే నెలలో ఎండ 45 దాటితే రాత్రంతా నీటి తుంపర చల్లే ఫాగర్లు వేసి, కప్పు మీద తడి గోనెలు పరిచి, తెల్లారేసరికి చచ్చినవాటిని లెక్కపెట్టుకునేది మేము. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూనే పోతుంది. ఆ చప్పుడు ఒక షెడ్డంతా వింటే మనిషికి నిద్ర పట్టదు. మాకు కోళ్లంటే పట్టదని మాత్రం ఎవరూ అనకండి.

ఓరుగల్లు_నుంచి
బుధవారం, తెల్లవారుజామున 2:10

నాది వరంగల్. ఎడిన్‌బరా యూనివర్సిటీలో అప్లైడ్ యానిమల్ బిహేవియర్ అండ్ యానిమల్ వెల్ఫేర్ ఎమ్మెస్సీ చేశాను. ఒక ఏడాది కోర్సు. మా బ్యాచ్‌లో వెట్స్ ఉన్నారు, జువాలజీ వాళ్లూ ఉన్నారు, సైకాలజీ చదివినవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి నీ మొదటి ప్రశ్నకు జవాబు: చదవొచ్చు.

తణుకు అన్నా, మీరు రాసింది మనసుకు తగిలింది. మీరు అన్నదానికి ఈ సబ్జెక్టు పుట్టుకలోనే ఒక జవాబు ఉంది. 1964లో రూత్ హారిసన్ అనే ఆవిడ బ్రిటన్‌లో ఫారాల పరిస్థితి మీద పుస్తకం రాసింది. జనంలో కలకలం వచ్చి ప్రభుత్వం ప్రొఫెసర్ బ్రాంబెల్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1965లో రిపోర్టు వచ్చింది. జంతువుకు లేచి నిలబడటానికి, పడుకోవడానికి, పక్కకు తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాపుకోవడానికైనా చోటుండాలి అన్నారు. 1979లో వచ్చిన అయిదు స్వేచ్ఛలకు మూలం అదే: ఆకలి దప్పులు, అసౌకర్యం, నొప్పీ రోగమూ, భయం, వీటి నుంచి విముక్తి, తన సహజ ప్రవర్తన చూపగలగడం.

ఇప్పుడు అసలు ముచ్చట. ఆ కమిటీయే కేజీల అడుగున సన్నటి షట్కోణాల వల వాడొద్దు, కోడి కాళ్లకు ఇబ్బంది అని కూడా చెప్పింది. పెద్దమనుషులు చూసి, సన్నగా ఉంది కదా గుచ్చుకుంటుందనుకున్నారు. 1973లో హ్యూస్, బ్లాక్ అనే ఇద్దరు కోళ్లనే అడిగారు. రకరకాల నేలలు పక్కపక్కన పెట్టి, కోడికి ఇష్టమున్న చోట నిలబడనిచ్చారు. కోళ్లు ఆ సన్నటి వల మీదికే పోయాయి. కాలికి ఎక్కువ చోట్ల ఆనిక దొరుకుతుంది మరి. మా మొదటి వారం క్లాసులో ఈ సంగతి చెప్పారు. నేను అప్పటిదాకా "జంతువులంటే నాకు ప్రేమ, నాకు తెలుస్తుంది" అనుకుంటూ వచ్చినవాణ్ని. ఆ రోజు హాస్టల్‌కు నడిచి వెళ్తుంటే కాళ్ల కింద నేల కదిలినట్టనిపించింది. ప్రేమ ఉన్నంత మాత్రాన తెలియదు. అడగాలి, జంతువుకు అర్థమయ్యే భాషలో అడగాలి.

అట్లాగే అడిగితే గుడ్డు పెట్టే ముందు కోడికి గూడు ఎంత అవసరమో కూడా తేలింది. గూడు లేని కేజీలో ఆ గంటసేపు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. మీరు చూసే ఉంటారు. యూరోపియన్ యూనియన్‌లో గూడు లాంటివేవీ లేని కేజీలను 2012 నుంచి నిషేధించడం వెనక ఇలాంటి ప్రయోగాలున్నాయి. మేరియన్ డాకిన్స్ అనే శాస్త్రవేత్త సంక్షేమాన్ని రెండే ప్రశ్నల్లో పెట్టింది: జంతువు ఆరోగ్యంగా ఉందా? దానికి కావలసింది దానికి ఉందా? మీ షెడ్డు ఎండ సమస్య మొదటి ప్రశ్నలోదే. దాన్ని వదిలేసి కేజీ గురించి మాత్రమే మాట్లాడేవాళ్లు సగం మాట్లాడుతున్నట్టు.

చెల్లీ, ఒక జాగ్రత్త. నేను వెళ్లే ముందు ఒక కన్సల్టెన్సీవాళ్లు ఇదే సబ్జెక్టని చెప్పి పెంపుడు జంతువుల గ్రూమింగ్ డిప్లొమాలో నన్ను చేర్పించబోయారు. అడ్వాన్సు కట్టాక మాడ్యూళ్ల జాబితా చదివితే తెలిసింది, ఆ డబ్బు తిరిగి రాలేదు. ఏ కోర్సైనా యూనివర్సిటీ సొంత పేజీలో ఒక్కో మాడ్యూలూ చదివాకే కట్టు. డబ్బు సంగతి, కామన్వెల్త్ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, తెలుగు రాష్ట్రాల విదేశీ విద్యా పథకాల నిబంధనలు కూడా చూడు. ముందైతే ఎడిన్‌బరావాళ్లే కోర్సెరాలో పెట్టిన యానిమల్ బిహేవియర్ అండ్ వెల్ఫేర్ ఆన్‌లైన్ కోర్సు చెయ్. ఇది నీకు సరిపడే సబ్జెక్టో కాదో కొన్ని వారాల్లో తెలిసిపోతుంది.

తణుకు_కోళ్లషెడ్డు
బుధవారం, ఉదయం 7:05

వల సంగతి నాకు తెలియదు బాబూ. నిజమే, గుడ్డు పెట్టే ముందు ఆ తిరగడం రోజూ చూస్తాను. పొద్దున్నే షెడ్డంతా ఒకటే గోల. అది ఆకలి అనుకునేవాణ్ని. మా దగ్గరికి మందుల కంపెనీవాళ్లు వస్తారు, మేత కంపెనీవాళ్లు వస్తారు, కోడిని ఊరికే చూడ్డానికి ఇంతవరకు ఒక్క స్టూడెంటూ రాలేదు. ఎవరైనా వస్తానంటే మా షెడ్డులో రెండు వరసలు ఇస్తాను, ఎండాకాలంలో రండి.

ఇద్దరాడపిల్లల_తండ్రి
బుధవారం, ఉదయం 11:20

అందరూ చదువు గురించి బాగా చెప్తున్నారు. నేను తండ్రిగా అడుగుతున్నాను. మా పెద్దమ్మాయి కూడా ఇదే అంటోంది. రెండేళ్లు పీజీ, తర్వాత అయిదేళ్లు పీహెచ్‌డీ అంటే ముప్పై దగ్గర పడుతుంది. అప్పటిదాకా జీతం సంగతేంటి? మా బంధువుల్లో అందరూ సాఫ్ట్‌వేరే. రాత్రుళ్లు నాకు ఇదే టెన్షన్. పిల్లను ఆపాలని కాదు, దారి కనిపిస్తే నేనే దగ్గరుండి పంపిస్తాను.

జీనోమ్_వ్యాలీ_ఉద్యోగి
బుధవారం, రాత్రి 9:00

సార్, నేను ఎమ్మెస్సీ జువాలజీ. హైదరాబాద్‌లో మందులు పరీక్షించే ల్యాబ్ యానిమల్ హౌస్‌లో పని చేస్తున్నాను. ఎలుకలు, కుందేళ్లు. చాలామంది ఈ మాట వినగానే మొహం తిప్పుకుంటారు. అర్థం చేసుకోగలను. కానీ అక్కడ జంతువులు ఉన్నంతకాలం వాటి పక్షాన చూసే మనిషి ఆ గదిలో ఉండాలి అని నమ్మి చేరాను. 1959లో రసెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన మూడు సూత్రాలు మా పనికి పునాది: జంతువు లేకుండా కుదిరితే అలాగే చెయ్యి, సంఖ్య తగ్గించు, బాధ తగ్గించు. ప్రతి ప్రయోగమూ ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్లాలి. ఎలుకకు గూడు కట్టుకోవడానికి కాగితం ముక్కలు వెయ్యడం చిన్న పనిలా కనిపిస్తుంది. వేసిన రాత్రి అవి దాన్ని చీల్చి, నోటితో మోసుకెళ్లి, పొద్దునకల్లా గుండ్రటి గూడు కట్టి అందులో నిద్రపోతుంటాయి. ఆ పెట్టె తెరవగానే నాకు కడుపు నిండినట్టుంటుంది.

జీతం సాఫ్ట్‌వేరంత ఉండదు, అబద్ధం చెప్పను. ఇల్లు గడుస్తుంది. పరిశోధన వైపు వెళ్తే సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. పీహెచ్‌డీ అంటే ఇంటి డబ్బు తినడం కాదు సార్. జూలలో బయాలజిస్టులు, అటవీశాఖలో రేంజ్ ఆఫీసర్ పరీక్ష, డెయిరీ కంపెనీలు, జంతు సంక్షేమ సంస్థలు, ఇవన్నీ ఉన్నాయి. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీవాళ్ల లాకోన్స్ అనే వన్యప్రాణి పరిశోధన కేంద్రం ఉంది, జంతువును తాకకుండా పెంట నుంచి ఒత్తిడి హార్మోన్లు కొలిచే పని అక్కడ చేస్తారు. కానీ ఇవన్నీ క్యాంపస్‌కు వచ్చి పిలిచే ఉద్యోగాలు కావు. మనమే వెతుక్కోవాలి. అది మీ అమ్మాయికి ముందే చెప్పండి.

ఇద్దరాడపిల్లల_తండ్రి
బుధవారం, రాత్రి 9:35

ఉన్నదున్నట్టు చెప్పారు, చాలా థాంక్స్ అండి. మీ పోస్టు అమ్మాయితో కలిసి మళ్లీ చదివాను.

గోదారి_పిల్ల
తర్వాతి గురువారం, రాత్రి 8:50

మేడమ్, వారం పూర్తయింది. ఎథోగ్రామ్‌లో పందొమ్మిది పనులు రాశాను. మొదటి రోజు తెలియకుండానే మూడుచోట్ల "బెంగగా చూస్తోంది" అని రాసి, తర్వాత కొట్టేశాను. దాని బదులు "నెమరు ఆపి, తల గుమ్మం వైపు తిప్పి, కదలకుండా నిలబడింది" అని రాశాను. అలా రాశాక ఒకటి తెలిసింది. అన్నయ్య బండి చప్పుడు వినిపించిన ప్రతిసారీ గౌరి నెమరు ఆపుతుంది. నాన్న చెప్పుల చప్పుడుకు ఆపదు. నాలుగేళ్లుగా ఆ పాకలో తిరుగుతున్నాను, ఇది ఒక్కసారీ చూడలేదు.

కొలత: చన్ను పట్టుకున్న క్షణం నుంచి ధార సాఫీగా పడేదాకా ఎంతసేపో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూశాను. ఉదయం నాన్న, ఆరు రోజులూ రెండు నిమిషాల పది సెకన్ల నుంచి మూడు నిమిషాల లోపు. సాయంత్రం అన్నయ్య, అయిదు నుంచి ఏడు నిమిషాలు. రెండు రోజులైతే వదిలేసి లేచిపోయాడు, నాన్న కూర్చోవాల్సొచ్చింది. అంటే గౌరికి మనిషే ముఖ్యమని తేలినట్టేనా?

అడవిబాట
గురువారం, రాత్రి 9:30

బండి చప్పుడు చూశావే, అదే ఈ చదువు. చాలా బాగా చూశావ్.

కానీ కొలతలో ఒక చిక్కుంది. నాన్న ఎప్పుడూ ఉదయం, అన్నయ్య ఎప్పుడూ సాయంత్రం. తేడా మనిషి వల్లనా, పూట వల్లనా? రాత్రంతా నిండిన పొదుగు ఉదయం బిగిసి ఉంటుంది. సాయంత్రం కూడా అంతే తవుడు పెడుతున్నారా? పాకలో అప్పుడు దోమలెక్కువా? ఇవన్నీ మనిషితో కలిసిపోయి ఉన్నాయి. నా మొదటి ఏడాది డేటా సగం ఇలాగే పారేశాను. ఇద్దర్నీ పూటలు మార్చి ఇంకో వారం కూర్చోమను. తవుడు రెండు పూటలా కొలిచి ఒకేలా పెట్టు.

జువాలజీ_మేడమ్
శుక్రవారం, ఉదయం 6:00

అడవిబాట చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి. ఇంకోటి చేర్చుతాను. గడియారం నీ చేతిలో ఉంది, జవాబు ఏం రావాలో కూడా నీ మనసులో ఉంది. మొన్న సంక్రాంతికి మీ వాకిట్లోకి గంగిరెద్దు వచ్చే ఉంటుంది. "అమ్మగారికి దండం పెట్టు" అనగానే తలూపుతుంది. ఆడించే మనిషి చేతిలో తాడు, గొంతులో పలుకు, భుజం కదలిక, దానికి అవే సంజ్ఞలు. అతను ఏళ్ల తరబడి నేర్పిన విద్య అది.

బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని ఒకప్పుడు దేశమంతా నమ్మింది. గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. యజమాని మోసగాడు కాదు, ఆయనా నమ్మాడు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పరీక్షించి చూస్తే, అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియలేదు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల తనకు తెలియకుండానే రవ్వంత కదిలేది, గుర్రం దాన్ని చూసి ఆపేసేది. గౌరి కూడా నిన్ను చూస్తూనే ఉంటుంది. అన్నయ్య కూర్చున్నప్పుడు నువ్వు ఊపిరి బిగబట్టి నిలబడితే అదీ దానికి కొత్తే. దూరంగా, రెండు పూటలా ఒకే చోట కూర్చో.

కడప_వెట్
శుక్రవారం, ఉదయం 7:40

ధార సాఫీగా పడిందని ఒక్కో రోజు ఒక్కోలా అనుకోకుండా ఒక గుర్తు పెట్టుకో తల్లీ. చెంబులో చప్పుడు మారుతుంది కదా, చన్ను చుక్కల చప్పుడు వేరు, ధార నురగలో పడే చప్పుడు వేరు. ఆ రెండోది వినగానే నొక్కు. పొదుగు వాపు, గడ్డలు లేవు కదా? ఉంటే నొప్పి వల్ల కూడా చేపదు. దగ్గరి డాక్టరుకు ఒకసారి చూపించాకే మిగతా లెక్కలు.

గోదారి_పిల్ల
ఆ తర్వాతి వారం శనివారం, రాత్రి 9:15

డాక్టరు గారూ, చూపించాను, పొదుగు బాగానే ఉందన్నారు.

పూటలు మార్చాం. అన్నయ్య ఉదయం కూర్చుంటే నాలుగు నుంచి అయిదు నిమిషాలు. నాన్న సాయంత్రం కూర్చుంటే మూడు, మూడున్నర. అంటే మనిషి తేడా ఉంది కానీ నేననుకున్నంత లేదు, పూట కూడా అందులో ఉంది. ఒక్క గేదె, రెండు వారాలు, దీని మీద గట్టిగా ఏమీ చెప్పలేనని నాకు అర్థమైంది. అయినా ఇలా అర్థం కావడమే సంతోషంగా ఉంది.

నోట్‌బుక్కు నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని అంకెలన్నీ వేలితో చదివారు. అన్నయ్య వరస దగ్గర ఆగి "వీడి చేతులు చల్లగా ఉంటాయమ్మా, బండి మీద వచ్చి అలాగే పట్టేసుకుంటాడు. నేను ముందు కుండలో వేణ్నీళ్లలో ముంచుతాను" అన్నారు. ఇరవై ఏళ్లుగా చేస్తున్నారట, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఈ పుష్యమాసపు చలిలో ఆ తేడా ఎంతో మరి.

అందుకని మూడో వారం లెక్క నాన్నే పెట్టారు. అన్నయ్య మూడు రోజులు వేణ్నీళ్లలో చేతులు ముంచి కూర్చోవాలి, మూడు రోజులు మామూలుగా. ఏ రోజు ఏదన్నది చీటీలు వేసి తీయమన్నారు, చీటీలు కూడా ఆయనే చింపి మడిచారు. నేను గోడ పక్క నుంచి చప్పుడు మాత్రమే వినాలట, ఏ చీటీ వచ్చిందో నాకు చెప్పరట.

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షల నోటిఫికేషన్ల కోసం రోజూ చూస్తున్నాను. తణుకు బాబాయి గారూ, ఏప్రిల్‌లో మా పరీక్షలు అయిపోతాయి, మీ రెండు వరసలు నాకు ఉంచుతారా?

తణుకు_కోళ్లషెడ్డు
శనివారం, రాత్రి 9:40

ఉంచుతానమ్మా. నాన్నగారిని కూడా తీసుకురా.